లిథియం అయాన్ సెల్: నిర్మాణాన్ని బట్టి వేడి

లిథియం అయాన్ బ్యాటరీ పనిచేస్తున్నంతసేపూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడి ఎంత పుడుతుంది, లోపల ఎక్కడ పోగవుతుంది, ఎంత త్వరగా బయటపడుతుంది అన్న మూడింటినీ చాలావరకు సెల్ నిర్మాణమే తేల్చేస్తుంది. పూతల మందం, రేకుల పొడవు, కరెంటును రేకుల నుంచి బయటికి తెచ్చే ట్యాబులు అతికిన చోటు, డబ్బా ఆకారం, పక్క సెల్‌తో ఉన్న ఎడం అన్నీ ఇందులోకి వస్తాయి. ఫ్యాన్లు, నీటి గొట్టాలు, సాఫ్ట్‌వేర్ ఆ తరవాతి మాట. స్కూటర్లు, ఆటోలు, నౌకాదళం, రేవు, రాబోతున్న డేటా సెంటర్లు అన్నీ ఒకేచోట ఉన్న విశాఖపట్నంలో ఈ విషయం పాఠ్యపుస్తకానికి పరిమితం కాదు. వేడి లోపల పోగైతే ఏమవుతుందో ఈ నగరం 2020 మేలో, బ్యాటరీతో సంబంధం లేని ఒక ట్యాంకు దగ్గర, చూసింది కూడా.

వేడి పుట్టే చోట్లు

సెల్ విప్పితే కనబడేవి ప్రధానంగా మూడు పొరలు. సన్నని రాగి రేకు మీద గ్రాఫైట్ పూత, అది ఆనోడ్. అల్యూమినియం రేకు మీద లిథియం సమ్మేళనం పూత, అది క్యాథోడ్. రెండూ తాకకుండా మధ్యలో సెపరేటర్ అనే ప్లాస్టిక్ పొర. రాగి రేకు 6 నుంచి 10 మైక్రాన్లు, అల్యూమినియం 12 నుంచి 15, సెపరేటర్ 10 నుంచి 20 మైక్రాన్ల మందం ఉండడం మామూలు. ఇవన్నీ ద్రవ విద్యుద్విశ్లేష్యంలో తడిసి ఉంటాయి. ఎలక్ట్రాన్లు రేకుల వెంట, లిథియం అయాన్లు ద్రవంలో నుంచి ప్రయాణిస్తాయి. రెండు దారుల్లోనూ నిరోధం ఉంది. ఆ నిరోధంలో ఖర్చయిన శక్తే వేడి.

ఈ వేడి విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న 18650 సెల్ అంతర్నిరోధం 30 మిల్లీఓమ్‌లు అనుకుందాం. 10 ఆంపియర్లు లాగితే 3 వాట్ల వేడి పుడుతుంది. 20 ఆంపియర్లు లాగితే 12 వాట్లు. సెల్ బరువు 45 గ్రాముల చిల్లర. 3 వాట్ల వేడి ఎటూ పోకుండా లోపలే ఉండిపోతే ఉష్ణోగ్రత నిమిషానికి దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుంది. రెండున్నర ఆంపియర్-గంటల సెల్‌ను ఆ వేగంతో ఖాళీ చెయ్యడానికి పావుగంట పడుతుంది. అంటే 60 డిగ్రీల పెరుగుదల. ప్యాక్ మధ్యలో, నలువైపులా తనలాంటివే వేడెక్కుతూ ఉన్న సెల్ పరిస్థితి ఈ లెక్కకు మరీ దూరంగా ఉండదు.

నిరోధపు వేడి కాక, రసాయన చర్య ముందుకు సాగడానికి అదనంగా కావలసిన వోల్టేజి వల్ల కొంత వేడి పుడుతుంది. మూడోది ఎంట్రోపీ మార్పు వల్ల వచ్చేది. ఇది రెండు వైపులా పనిచేస్తుంది. కొన్ని దశల్లో సెల్‌ను వేడెక్కిస్తుంది, కొన్ని దశల్లో కాస్త చల్లబరుస్తుంది కూడా. 1985లో బర్క్‌లీలో బెర్నార్డి, పావ్లికోవ్‌స్కీ, న్యూమన్ వీటన్నిటినీ కలిపి రాసిన శక్తి సమీకరణమే ఇప్పటికీ బ్యాటరీ ఇంజినీర్ల లెక్కలకు మొదలు. ఛార్జింగ్, డిశ్చార్జింగ్ నెమ్మదిగా సాగితే ఎంట్రోపీ వేడి లెక్కలోకి వస్తుంది. జోరు పెరిగేకొద్దీ నిరోధపు వేడి మిగతావాటిని కప్పేస్తుంది.

డిజైనర్ మొదటి ఇరకాటం పూత మందం దగ్గరే మొదలవుతుంది. పూత మందంగా వేస్తే అదే డబ్బాలో ఎక్కువ శక్తి పడుతుంది, రేకుల ఖర్చు తగ్గుతుంది, బండి ఎక్కువ దూరం పోతుంది. కానీ అయాన్ ఆ మందమంతా దాటాలి కాబట్టి నిరోధం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. పల్చగా వేస్తే సెల్ చల్లగా ఉంటుంది, త్వరగా ఛార్జ్ అవుతుంది, శక్తి మాత్రం తక్కువ. డ్రిల్లింగ్ యంత్రానికి చేసిన సెల్, ల్యాప్‌టాప్‌కు చేసిన సెల్ పైకి ఒకేలా కనబడినా లోపల వేరు. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి చౌకగా ప్యాక్ కట్టేవారు ఉన్నారు. కొలతలు సరిపోతాయి, వేడి సరిపోదు.

పొరల వెంట ఒక తీరు, అడ్డంగా ఇంకొక తీరు

ఈ పొరలన్నీ కలిపి చుట్టిన సెల్ లోపలి చుట్టను తాపేశ్వరం మడత కాజాతో పోల్చవచ్చు. పొర వెంట పోయేది సులువుగా పోతుంది, పొరలకు అడ్డంగా పోవాలంటే ప్రతి మడతా అడ్డే. రాగి, అల్యూమినియం మంచి ఉష్ణవాహకాలు కాబట్టి రేకుల వెంట సెల్ ఉష్ణవాహకత్వం మీటరుకు, డిగ్రీకి 20 నుంచి 30 వాట్ల దాకా ఉంటుంది. అడ్డంగా మాత్రం ఒక వాట్ లోపే. మధ్యలో సెపరేటరు, ద్రవం, పొరకూ పొరకూ నడుమ అతకని సందులు వేడికి దారి ఇవ్వవు. ఒకే సెల్‌లో ఒక దిక్కుకూ ఇంకొక దిక్కుకూ ఇరవై, ముప్పై రెట్ల తేడా ఉంటుంది. సెల్ ఆకారాల గురించిన చర్చంతా చివరికి ఈ తేడా దగ్గరకే వస్తుంది.

గుండ్రటి సెల్‌లో వేడి నడిమధ్య నుంచి అంచుకు పోవాలంటే పొరలన్నీ అడ్డంగా దాటాలి. నడిమధ్యకూ పైతలానికీ ఉష్ణోగ్రతల తేడా వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పైన చెప్పిన 3 వాట్ల 18650 సెల్‌లో అడ్డపు ఉష్ణవాహకత్వం 0.8 వాట్లు అనుకుంటే ఆ తేడా నాలుగైదు డిగ్రీలు. వ్యాసాన్ని 46 మిల్లీమీటర్లకు పెంచి, ఘనపరిమాణానికి అదే మోతాదు వేడి పుట్టిస్తే తేడా ఆరున్నర రెట్లు పెరిగి 30 డిగ్రీలు అవుతుంది. పైతలం 40 డిగ్రీలు చూపిస్తూ ఉంటే లోపల 70 ఉందన్నమాట. సెన్సర్ అతికేది పైతలం మీద. దానికి నడిమధ్య సంగతి తెలియదు.

ఆకారాలు

1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చిన తరవాత చాలాకాలం 18650 గుండ్రటి సెల్‌దే రాజ్యం. చిన్నది కావడం దానికి మేలయింది. ఘనపరిమాణంతో పోలిస్తే పైతలం ఎక్కువ, కాబట్టి వేడి వదిలే జాగా ఎక్కువ. నికెల్ పూత పూసిన ఉక్కు డబ్బా లోపలి ఒత్తిడిని తట్టుకుంటుంది. పక్కపక్కన నిలబెట్టినా రెండు గుండ్రటి సెల్‌లు ఒక గీత వెంటే తాకుతాయి, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో గాలి, చల్లటి ద్రవపు గొట్టం, లేదా మంటను అడ్డుకునే నురగ పట్టిస్తారు.

2020 సెప్టెంబరు 22న టెస్లా 4680 సెల్‌ను ప్రకటించింది. వ్యాసం 46, ఎత్తు 80 మిల్లీమీటర్లు. పైన వేసిన లెక్క ప్రకారం ఇంత లావు సెల్ లోపల ఉడికిపోవాలి. దాన్ని తప్పించడానికి వేసిన ఎత్తు ట్యాబుల దగ్గర ఉంది. పాత తరహా సెల్‌లో పొడవాటి రేకు మీద ఒకటి రెండు చోట్ల మాత్రమే ట్యాబు అతుకుతారు. కొస నుంచి బయల్దేరిన ఎలక్ట్రాన్ రేకు పొడవునా నడిచి ఆ ట్యాబును చేరాలి. 46 మిల్లీమీటర్ల సెల్‌లో ఆ రేకు కొన్ని మీటర్ల పొడవు ఉంటుంది. కొత్త పద్ధతిలో రేకు అంచు మొత్తాన్ని మడిచి మూతకు అతికిస్తారు. ఎలక్ట్రాన్ నడిచే దూరం మీటర్ల నుంచి సెల్ ఎత్తుకు, అంటే సెంటీమీటర్లకు, దిగిపోతుంది. నిరోధం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, వేడికి కూడా రేకుల వెంట నేరుగా అడుగుకు, పైకి దారి ఏర్పడుతుంది. అడ్డంగా పోవలసిన పని తగ్గుతుంది. మన పొరుగున, తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న కృష్ణగిరి జిల్లాలో ఓలా ఎలక్ట్రిక్ తయారు చేస్తున్నది ఈ 4680 కొలతల సెల్‌నే.

పలక ఆకారపు సెల్‌లో సంగతి వేరు. అల్యూమినియం పెట్టెలో చుట్టలనో దొంతర్లనో కూర్చి మూసేస్తారు. ప్యాక్‌లో చోటు వృథా కాదు. గ్రిడ్ నిల్వ కేంద్రాల్లో వాడే 280 ఆంపియర్-గంటల పలక సెల్ మందం 7 సెంటీమీటర్ల పైమాటే. దాని నడిబొడ్డున పుట్టిన వేడి వెడల్పాటి ముఖం వైపు పోవడం కన్నా, పొరల వెంట కిందికి దిగి అడుగున పెట్టిన చల్లటి పలకను చేరడమే మేలు. ఇలాంటి ప్యాకుల్లో చల్లటి పలకను అడుగున పెట్టేది అందుకే. దీని బలహీనత ముఖాముఖి ఆనుకుని నిలబడడంలో ఉంది. ఒకటి చెడితే పక్కదానికి వేడి వెడల్పాటి ముఖం గుండా పోతుంది. అందుకే మధ్యలో మైకా, ఏరోజెల్ లాంటి అడ్డుపొరలు పెడతారు. అవి బరువు, ఖర్చు, చోటు మూడూ తింటాయి. పోటీ ధరకు ప్యాక్ కట్టేటప్పుడు మొదట కోత పడేది వీటి మీదే.

2020 మార్చిలో చైనా సంస్థ బీవైడీ చూపించిన బ్లేడ్ సెల్ ఈ పలకనే సాగదీసింది. పొడవు దాదాపు 96 సెంటీమీటర్లు, మందం ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు. పల్చన కాబట్టి నడిమధ్య నుంచి ముఖానికి దూరం 7 మిల్లీమీటర్లే. మేకు దిగ్గొట్టినా పైతలం 30 నుంచి 60 డిగ్రీలు దాటలేదని బీవైడీ వీడియో విడుదల చేసింది. తయారీదారు తానే పెట్టుకున్న పరీక్షను ఆ మేరకే తీసుకోవాలి. అయినా ఆకారం చేసిన మేలు లెక్కకు అందేదే. హైదరాబాద్‌కు చెందిన ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ బస్సులు బీవైడీ సాంకేతికతతో నడుస్తాయి. 2022లో ఏపీఎస్‌ఆర్‌టీసీ తిరుమల ఘాట్ రోడ్డు మీదికి తెచ్చిన విద్యుత్ బస్సులు ఆ సంస్థవే. నిండు బస్సు ఘాట్ ఎక్కేటప్పుడు నిమిషాల తరబడి భారీ ప్రవాహం లాగాలి. దిగేటప్పుడు బ్రేకుల శక్తి తిరిగి బ్యాటరీలోకి చొరబడుతుంది. సెల్‌కు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ విశ్రాంతి లేదు. విశాఖలో సింహాచలం కొండ ఎక్కే ఆటోకూ ఇదే బాధ, చిన్న మోతాదులో.

మూడో రకం పౌచ్. గట్టి డబ్బా ఉండదు, అల్యూమినియం పూసిన సంచి ఉంటుంది. పల్చగా, వెడల్పుగా ఉండడంతో చల్లబరచడం తేలికనిపిస్తుంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే రకం పౌచ్ సెల్‌లను రెండు రకాలుగా చల్లబరిచారు. కొన్నిటిని వెడల్పాటి ముఖం మీద నుంచి, కొన్నిటిని ట్యాబుల నుంచి. వెయ్యిసార్లు జోరుగా ఛార్జ్, డిశ్చార్జ్ చేశాక, ముఖం మీద చల్లబరిచినవి వాడకానికి వచ్చే సామర్థ్యంలో 9.2 శాతం పోగొట్టుకున్నాయి. ట్యాబుల నుంచి చల్లబరిచినవి 1.2 శాతమే. ముఖం మీద చల్లబరిస్తే పై పొరలు చల్లగా, లోపొరలు వేడిగా ఉంటాయి. వేడి పొర నిరోధం తక్కువ కాబట్టి ప్రవాహమంతా దాని మీద పడుతుంది, అది ఇంకా వేడెక్కుతుంది. ట్యాబు నుంచి లాగితే అన్ని పొరలూ ఇంచుమించు సమంగా చల్లబడతాయి. సగటు ఉష్ణోగ్రత ఎంత అన్నదానికన్నా పొరల మధ్య తేడా ఎంత అన్నది సెల్ ఆయుష్షుకు ముఖ్యమని ఈ ప్రయోగం తేల్చింది. అయితే మార్కెట్లోని చాలా సెల్‌ల ట్యాబులు కరెంటు మోయడానికి సరిపడా మందంలో చేసినవే, వేడి మోయడానికి చేసినవి కావు. ఆ పరిశోధక బృందమే తరవాత సెల్ వేడిని ఎంత బాగా వదలగలదో చెప్పే ఒక గుణకాన్ని ప్రతిపాదించింది. సెల్ డబ్బా మీద వోల్టేజి, సామర్థ్యం అచ్చేసినట్టు ఆ అంకె కూడా అచ్చేస్తే ప్యాక్ కట్టేవాడికి సగం పని తగ్గుతుంది.

అదుపు తప్పే క్షణం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో కర్మాగారం ఆగి ఉంది. నిల్వలో ఉన్న స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారడం మొదలుపెట్టింది. ఆ చర్య వేడి పుట్టిస్తుంది, వేడి చర్యను వేగిరపరుస్తుంది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉందని, మధ్యలో, పైన వేడెక్కుతున్నా తెలిసే వీలు లేకపోయిందని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో ఎత్తిచూపింది. ఆ కర్మాగారపు మాతృసంస్థ ఎల్‌జీ కెమ్ అప్పటికి ప్రపంచంలోని పెద్ద లిథియం అయాన్ బ్యాటరీ తయారీదారుల్లో ఒకటి. అదే ఏడాది డిసెంబరులో ఆ బ్యాటరీ విభాగం ఎల్‌జీ ఎనర్జీ సొల్యూషన్ పేరుతో వేరుపడింది.

స్టైరీన్ ట్యాంకుకూ బొటనవేలంత సెల్‌కూ పరిమాణంలో పోలిక లేదు, గణితంలో ఉంది. పుట్టే వేడి ఉష్ణోగ్రతతో అంతకంతకూ పెరుగుతుంది. పోయే వేడి మాత్రం ఉష్ణోగ్రతల తేడా మేరకే పెరుగుతుంది. మొదటిది రెండోదాన్ని దాటిన చోట ఇక వెనక్కి రావడం ఉండదు. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ సెమ్యోనోవ్ 1920లలోనే ఈ లెక్క కట్టాడు. సెల్‌లో అది మెట్లు మెట్లుగా వస్తుంది. సుమారు 80 నుంచి 120 డిగ్రీల మధ్య ఆనోడ్ మీది రక్షణ పొర విచ్ఛిన్నం కావడం మొదలై కొత్తగా వేడి పుడుతుంది. 130 దగ్గర పాలిఇథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. 165 దగ్గర పాలిప్రొపిలీన్ కూడా. రెండు ధ్రువాలు తాకాయంటే షార్ట్ సర్క్యూట్. ఆపైన క్యాథోడ్ తనలోని ఆక్సిజన్‌ను వదిలితే బయటి గాలితో పనిలేకుండా మంట లోపలే సాగుతుంది.

రసాయనం ప్రభావం ఇక్కడ కనబడుతుంది. 1997లో జాన్ గుడెనఫ్ బృందం వెలువరించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో, అంటే ఎల్‌ఎఫ్‌పీలో, ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది, అంత తేలిగ్గా ఊడిరాదు. నికెల్ ఎక్కువున్న క్యాథోడ్‌లలో 200 డిగ్రీల దరిదాపుల్లోనే ఊడివస్తుంది. మన దగ్గర ప్రచారమంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తోంది. “ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ, పేలదు” అని షోరూముల్లో చెప్పే మాట సగమే నిజం. ఎల్‌ఎఫ్‌పీ సెల్ కూడా వేడెక్కి మూత తెరుచుకుంటుంది. అప్పుడు వెలువడే వాయువులో హైడ్రోజన్ వాటా ఎక్కువ. మూసిన గదిలో అది పోగైతే పేలుడే. లావుగా చుట్టి, ఎడం లేకుండా పేర్చిన ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్ కన్నా, సరైన ఎడంతో, సరైన దారితో కట్టిన నికెల్ ప్యాక్ మేలయ్యే సందర్భాలు ఉన్నాయి.

సెల్ లోపలి కొలతల్లో వెంట్రుకవాసి తేడా కూడా రన్‌అవేకు బీజం కావచ్చు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్ల మొదటి సరఫరాదారు బ్యాటరీలో సంచి మూలన చోటు చాలక ఆనోడ్ కొస వంగింది. రెండో సరఫరాదారు బ్యాటరీలో వెల్డింగ్ ముళ్లు సెపరేటర్‌ను పొడిచాయి. అంతకు ముందు 2013 జనవరి 7న బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న బోయింగ్ 787లో 8 పెద్ద సెల్‌ల బ్యాటరీ మండింది. ఒక్క సెల్‌లో షార్ట్ సర్క్యూట్ మొదలై పక్కవాటికి పాకిందని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. దిద్దుబాటుగా బోయింగ్ సెల్‌ల మధ్య అడ్డుపొరలు పెంచింది, బ్యాటరీని ఉక్కు పెట్టెలో బిగించి, పొగ విమానం వెలుపలికి పోయే గొట్టం అమర్చింది. సెల్ మొరాయించదన్న నమ్మకాన్ని పక్కన పెట్టి, మొరాయిస్తే ఒక్కటే పోవాలన్న సూత్రం మీద చేసిన మరమ్మతు అది.

జలాంతర్గాముల ఊరు

విశాఖ ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర లోపల నడిచేవారి కాళ్ల కింద, ఆ జలాంతర్గామి పనిచేసిన రోజుల్లో, వందల కొద్దీ సీసపు ఆమ్ల బ్యాటరీ సెల్‌లు ఉండేవి. ఆ బ్యాటరీ బరువైనది, శక్తి తక్కువ. కానీ అందులో నీరు ఎక్కువ, నెమ్మదిగా వేడెక్కుతుంది. దాని ముప్పు ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్. 2010 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ఉండగా ఐఎన్‌ఎస్ సింధురక్షక్‌లో మంటలు రేగి ఒక నావికుడు చనిపోయాడు. బ్యాటరీ వాల్వు లోపం వల్ల లీకైన హైడ్రోజనే కారణమని నౌకాదళ అధికారులు చెప్పారు.

జపాన్ 2020 మార్చిలో ఒర్యూ అనే జలాంతర్గామిని లిథియం అయాన్ బ్యాటరీలతో నౌకాదళంలో చేర్చింది. మామూలుగా పనిచేస్తున్నప్పుడు ఈ బ్యాటరీ హైడ్రోజన్ వదలదు. సెల్ మూత తెరుచుకున్న రోజున మాత్రం వదిలే వాయువుల్లో అదీ ఉంటుంది. రోజూ ఉండే చిన్న ముప్పు పోయి, ఎప్పుడో రాగల పెద్ద ముప్పు దాని స్థానంలో వస్తుంది. సముద్రం అడుగున తలుపు తీసి బయటికి రావడం కుదరదు కాబట్టి ఇక్కడ సెల్ నుంచి సెల్‌కు వేడి పాకకుండా చెయ్యడం తప్ప దారి లేదు. విశాఖలోనే ఉన్న డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోకు వాడింది సిల్వర్ ఆక్సైడ్-జింక్ బ్యాటరీ. కొద్ది నిమిషాల్లో ఉన్న శక్తినంతా కక్కెయ్యాల్సిన ఆయుధంలో ఆ పాత రసాయనానికి ఇప్పటికీ కాలం చెల్లలేదు.

ఇంట్లో ఛార్జింగ్

2022 ఏప్రిల్‌లో వారం రోజుల లోపే నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు రేగి, పొగ పైఅంతస్తులకు పాకి 8 మంది ప్రాణాలు పోయాయి. కేంద్ర రవాణా శాఖ వేసిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షుడు. ఆ కమిటీ సిఫార్సులతో ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్-156ను సవరించి, 2022 డిసెంబరు 1, 2023 మార్చి 31 తేదీల నుంచి రెండు విడతలుగా అమలు చేశారు.

ఆ సవరణను చదివితే అది ప్రధానంగా సెల్‌ల అమరిక గురించిన పత్రమని తెలుస్తుంది. సెల్‌ల మధ్య తగినంత ఎడం ఉండాలి. ఒక సెల్‌లో షార్ట్ సర్క్యూట్ అయితే మంట ప్యాక్ అంతా పాకకూడదు. లోపలి వాయువు పోవడానికి దారి ఉండాలి. ముందుగా హెచ్చరించే ధ్వని, దీపం ఉండాలి. ఉష్ణోగ్రత సెన్సర్లు కనీసం నాలుగు ఉండాలి. నాలుగు అనేది ప్రమాణానికి కనీసం. వందకు పైగా గుండ్రటి సెల్‌లున్న ప్యాక్‌లో ఆ నాలుగూ ఎక్కడ అతికారన్నది ఎన్ని ఉన్నాయన్నదానికన్నా ముఖ్యం. వెంకటాపురం ట్యాంకులో ఉన్నది తప్పు సెన్సర్ కాదు, తప్పు చోటున ఉన్న సెన్సర్.

విశాఖ వాతావరణం ఈ లెక్కలో రామగుండం వాతావరణం లాంటిది కాదు. రామగుండంలో మే నెల పగలు 45 డిగ్రీలు దాటుతుంది. విశాఖలో పగటి ఎండ అంత ఎత్తుకు పోదు, రాత్రి చల్లబడదు. తెల్లవారుజామున కూడా 27, 28 డిగ్రీల ఉక్కపోతలో ఛార్జింగ్ సాగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సెల్ లోపలి క్షీణత రెట్టింపవుతుందన్నది స్థూలంగా చెప్పే సూత్రం. బండి దిగగానే, సెల్ నడిమధ్య ఇంకా వేడిగా ఉండగానే ఛార్జర్ తగిలిస్తే ఆ క్షీణత మీద ఇంకొంత కలుస్తుంది. ఉప్పుగాలి ఇంకొక రకంగా వస్తుంది. అతుకు దగ్గర తుప్పు పట్టి ఒక్క మిల్లీఓమ్ నిరోధం పెరిగినా, 50 ఆంపియర్ల ప్రవాహానికి ఆ చిన్న చుక్క మీద రెండున్నర వాట్ల వేడి పుడుతుంది. గాలితో చల్లబరిచే ప్యాక్ తీరంలో ఆ గాలితోపాటు ఉప్పునూ లోపలికి పీల్చుకుంటుంది. మూసేసిన ప్యాక్ ఉప్పు నుంచి తప్పించుకుంటుంది, వేడి మాత్రం డబ్బా గోడ గుండానే పోవాలి. తీరానికి మూసినదే మేలు. అప్పుడు సెల్ నిర్మాణం మీద భారం ఇంకా పెరుగుతుంది.

తయారీ, నిల్వ, రవాణా

తెలుగు రాష్ట్రాల్లో సెల్ తయారీ ఇంకా బాల్యంలో ఉంది. తిరుపతిలో మునోత్ సంస్థ కర్మాగారం 2022 సెప్టెంబరులో 10 ఆంపియర్-గంటల సెల్‌లతో ఉత్పత్తికి ముందరి పరీక్షలు మొదలుపెట్టింది. ప్రధానంగా పవర్ బ్యాంకులకు అవి. అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో గిగా ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేసింది. 16 గిగావాట్-గంటల సెల్‌లు, 5 గిగావాట్-గంటల ప్యాకులు దాని లక్ష్యం. విదేశీ సెల్ కొని ఇక్కడ ప్యాక్ కట్టినంతకాలం వేడి గురించిన కీలక నిర్ణయాలన్నీ ఎక్కడో జరిగిపోయి ఉంటాయి. మనకు మిగిలేది ఎడం, అడ్డుపొర, గొట్టం.

గూగుల్ 2025 అక్టోబరు 14న విశాఖలో డేటా కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. పెద్ద డేటా సెంటర్లు కరెంటు పోయినప్పుడు ఆదుకునే యూపీఎస్‌లలో సీసపు బ్యాటరీ నుంచి లిథియం అయాన్‌కు మారుతున్నాయి. ఆ ప్రకటనకు కొద్ది రోజుల ముందే, సెప్టెంబరు 26న, దక్షిణ కొరియా దేజియాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో యూపీఎస్ లిథియం బ్యాటరీలను తరలిస్తుండగా మంటలు రేగి 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. బ్యాటరీ గదిని కంప్యూటర్ల గదికి ఎంత దూరంలో కట్టాలన్న ప్రశ్న విశాఖలో పునాదుల దశలోనే తేలవలసినది.

ఇక రేవు. లిథియం బ్యాటరీలు సముద్ర రవాణా నియమావళి ప్రకారం ప్రమాదకర సరుకుల్లో తొమ్మిదో తరగతి. విడి లిథియం అయాన్ బ్యాటరీలకు యూఎన్ 3480, పరికరంలో ఉన్నవాటికి లేదా పరికరంతోపాటు కట్టినవాటికి యూఎన్ 3481 సంఖ్య రాయాలి. అల్పపీడనం, కంపనం, వేడి లాంటి పరీక్షలు గట్టెక్కనివి ఓడెక్కకూడదు. విమానాల్లో విడి బ్యాటరీలను 30 శాతానికి మించి ఛార్జ్‌తో పంపకూడదన్న నియమం 2016 ఏప్రిల్ నుంచి ఉంది. నిండా ఛార్జ్ అయిన ఆనోడ్‌లో లిథియం ఎక్కువ, అది తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే చర్యకు దిగుతుంది. ఛార్జ్ తక్కువైతే రన్‌అవే ఆలస్యమవుతుంది, వచ్చినా వెలువడే వేడి తక్కువ. ఓడలో ఇనుప కంటైనర్ డెక్ మీద ఎండలో రోజుల తరబడి కాగుతుంది, లోపలి సరుకుకు గాలి ఆడదు. విద్యుత్ వాహనాలను ఇన్నాళ్లూ బ్యాటరీతో నడిచే వాహనాలన్నిటితో కలిపి ఒకే సంఖ్య కింద రాసేవారు. 2026 జనవరి 1 నుంచి లిథియం అయాన్ బ్యాటరీతో నడిచే వాహనాలకు యూఎన్ 3556 అని విడి సంఖ్య తప్పనిసరి. మంట రేగితే ఏ కంటైనర్‌లో నీళ్లు చల్లి ఊరుకోవచ్చో, ఏ కంటైనర్‌ను గంటల తరబడి తడుపుతూనే ఉండాలో ఓడ సిబ్బందికి కాగితం మీదే తెలియాలి కాబట్టి.